దర్వాజ మీద రెండు దెబ్బలు

చాటలో బియ్యం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జారుతున్నాయి, జారుతుంటే చప్పుడవుతోంది. స్వరూప చెయ్యి ఆపింది. చప్పుడు ఆగింది. మళ్ళీ చాట వంచింది, మళ్ళీ వచ్చింది. దీన్ని దేనితో పోల్చాలో ఆమెకు తోచలేదు, పోల్చుకోవడానికి ఆమె దగ్గర ఇంత సన్నటి చప్పుళ్ళు వేరే లేవు. గౌను వేసుకునే వయసు నుంచి బియ్యం ఏరుతూనే ఉంది. వడ్లగింజను గోటితో పక్కకు తీయడం, మట్టిబెడ్డను వేళ్ళ మధ్య నలిపి చూడడం, నూకలను అంచుకు చెరిగి కోళ్ళకు వేయడం, అన్నీ చేతులకు తెలుసు, కళ్ళకు తెలుసు. బియ్యానికి ఒక గొంతు ఉందని మాత్రం వారం కిందనే తెలిసింది. అది కూడా చెవిలోంచి రాలేదు. కుడి చెవి వెనక, వెంట్రుకలు మొదలయ్యే చోట, అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా ఒకటి బొక్కకు, అక్కడి గట్టి ఎముకకు, ఆనుకుని ఉంది. తల చుట్టూ తిరిగిన నల్లటి పట్టీ దాన్ని అదిమి పట్టుకుంది. పట్టీ మీద జుట్టు, జుట్టు మీద కొంగు. సాయంత్రానికి అక్కడ నొప్పి పెడుతుంది, వేలితో తడిమితే చిన్న గుంట పడి ఉంటుంది. ఇంట్లో ఈ సంగతి తెలిసింది ఎనిమిదేళ్ళ స్నిగ్ధకు ఒక్కదానికే. ఎవరికీ చెప్పనని తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసి, బడికి పోయింది.

ఇంకో మిషిను అందరికీ కనపడేటట్టు గూట్లో, దేవుని పటం పక్కన, దాని డబ్బాలో పడుకుని ఉంది. అది చెవెనక మిషిను. చిక్కుడు గింజ లాంటి ఒళ్ళు, సన్నటి గొట్టం, తన చెవికే అచ్చు తీసి చేసిన మెత్తటి బిరడా. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, జుట్టు దువ్వుకుంటే కనపడనే కనపడదు. మొదటి వారం అది, రెండో వారం ఇది. రెండూ పెట్టుకుని చూడమని ఇచ్చింది భువనగిరి దవాఖానలో చెవులు పరీక్ష చేసే సుచరిత. ఈ మధ్యాహ్నం ఆమె ముందు రెండూ పెట్టి, ఏది తనదో చెప్పాలి. చెవెనక మిషినుతో కూడా వినపడింది, లేదనడానికి లేదు. కానీ మూడో రోజుకే చెవి లోపల చెమ్మ పట్టింది, నాలుగో రోజు దిండు గలేబు మీద పచ్చటి మరక. ఆ మరకను చూడగానే స్వరూపకు అమ్మ చెయ్యి గుర్తొచ్చింది, వెల్లుల్లి కాచిన నూనె చెవిలో చుక్క చుక్క వేసే చెయ్యి. ఆ నూనె వేడి దవడ దాకా దిగేది, అమ్మ పెదవులు కదిలేవి, ఏం పాడేదో ఏమో. చిన్నప్పటి నుంచి కారిన చెవులు, మూసి పెడితే మళ్ళీ కారుతాయని సుచరిత ముందే చెప్పింది. అయితే ఈ పట్టీ సంగతి వేరే. పుండుకు కట్టు కట్టుకున్నట్టు తల చుట్టూ ఉంటుంది. పెండ్లికి పోయినా, గుట్ట మీద గుడికి పోయినా, అమ్మలక్కలు వచ్చి ఏమైంది బిడ్డా నెత్తికి అంటారు. అదీ భరించొచ్చు. కానీ ఏది తనదో చెప్పే ముందు ఆమెకు ఇంకొకటి కావాలి. అది దవాఖానలో దొరకదు. ముందరర్రలో బెల్టు కోసం వెతుకుతున్న మనిషి నుంచి రావాలి. ఒక్క మాట. భర్త పరమేష్ బస్సు డ్యూటీకి పోయే లోపల, ఈ గంటలో, ఒక్క మాట.

పరీక్ష మాట కాదు. అది అయిపోయింది. చెవెనక మిషిను తెచ్చుకున్న రోజు ఇంటి నిండా పరీక్షలే. అత్త సావిత్రమ్మ చెవి దగ్గరికి వచ్చి గిన్నె మీద గంటెతో కొట్టింది. పక్కింటామె వెనక నుంచి చప్పట్లు కొట్టి, ఉలిక్కిపడిందా లేదా అని చూసింది. పొద్దుగూకి పరమేష్ వచ్చాడు, భుజం మీద సంచీ దించకుండానే ఎదురుగా నిలబడి, చిన్న పిల్లలకు అక్షరాలు చెప్పినట్టు ఒక్కొక్కటే విడదీసి, "ఇన, పడు, తాందా" అన్నాడు. స్వరూప తల ఊపింది. ఆయనా తల ఊపాడు. అయిపోయింది. ఏడేళ్ళ తరువాత ఈ ఇంట్లో ఆయన గొంతు తన వైపు తిరగడం అదే, అది కూడా తనతో అన్న మాట కాదు, మిషినుతో అన్న మాట. ఆ రాత్రే అనుకుంది, రెండో మిషిను ఎవరికీ చూపించకూడదని. వినపడుతుందని తెలియకుండా ఉంటే, ఎవరూ పరీక్ష పెట్టకుండా ఉంటే, ఈ ఇంట్లో మాటలు మామూలుగా ఎట్లా ఉంటాయో వినాలని. ఆయన తన వెనక నిలబడి ఏమైనా అంటాడేమోనని. రోజూ అంటున్నాడేమో, తనకే తెలియదేమోనని.

వారమైంది. అనలేదు.

అత్త పెరట్లో ఉంది. కనపడదు, కానీ ఉంది. ఇది కూడా ఈ వారంలో వచ్చిన కొత్త. ఇంతకు ముందు కంటి ముందు నుంచి మనిషి పోతే పోయినట్టే, తలుపు దాటితే ఆరిపోయిన దీపమే. ఇప్పుడు గోడకు అవతల కూడా మనుషులు ఉంటారు, నీళ్ళు తోడుతుంటారు, దగ్గుతుంటారు, చీపురు దులుపుతుంటారు. అందులోనూ అత్త అసలు నోరు మూయదని తెలిసి స్వరూపకు నవ్వొచ్చింది. పొయ్యితో మాట్లాడుతుంది, కోళ్ళతో మాట్లాడుతుంది, పోయిన మామతో పోట్లాడుతుంది. మొన్న పొయ్యి దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి వచ్చింది ఆ గొంతు, "ఉప్పెక్కువేసింది. మల్ల ఎక్కువేసింది. చెప్తె ఇనపడదాయె, చెప్పకుంటె నా నోట్లకు కూడు దిగదాయె." ఎన్నేళ్ళ నుంచి అంటోందో ఆ మాట. మర్నాడు స్వరూప ఉప్పు తగ్గించి వేసింది. అత్త ఒక ముద్ద తిని, కంచం వంక చూసి, లేచిపోయి కోళ్ళకు చెప్పుకుంది, "ఇయ్యాల్ల దాని చెయ్యికి ఏమైందో ఏమోనే, కూరల ఉప్పే లేదు." నవ్వు ఆపుకోవడానికి స్వరూప గోడ వైపు తిరిగి గిన్నెలు సర్దాల్సి వచ్చింది. ఒకరి మాటకు నవ్వి ఎన్నాళ్ళయింది. మాట విని నవ్వడం వేరు, అందరూ నవ్వుతున్నారు కదా అని నవ్వడం వేరు. రెండోదానితోనే ఇన్నేళ్ళు గడిపింది. ఆ నవ్వు మొహానికి ఎట్లా అలవాటైందంటే, ఎవరైనా నోరు తెరిస్తే చాలు, పెదవులు వాటంతట అవే విడిపోతాయి.

నేల వణికింది. రైలు. ఆలేరు స్టేషను దగ్గరపడుతుంటే ముందు నేల చెప్తుంది, తరువాత గోడ చెప్తుంది, చివరన గూట్లో గ్లాసులు చెప్తాయి. పెండ్లయి వచ్చిన కొత్తలో ఈ వణుకు చూసే ఏ బండి వచ్చిందో గుర్తుపట్టేది. ఇప్పుడు దాని కూత కూడా వచ్చింది, దూరం నుంచి లాగిలాగి. కూత లోపల ఎక్కడో పరమేష్ దగ్గు. బెల్టు దొరికినట్టుంది, ఇనుప కొక్కెం చిటుక్కుమంది. నీళ్ళు తాగుతున్నాడు. గుటకలు. మనిషి నీళ్ళు తాగితే ఇంత వినపడుతుందా. చాటలో చెయ్యి ఆడిస్తూ ఆమె ఒక్కొక్క గుటకనూ విన్నది. ఇన్నేళ్ళు ఒక కప్పు కింద ఉండి, ఒక మంచం మీద పడుకుని, ఈయన నీళ్ళు తాగే చప్పుడు కూడా తెలియకుండా బతికింది. నీళ్ళు కావాలంటే బొటనవేలు నోటి వైపు. అన్నం పెట్టమంటే ఐదు వేళ్ళు కుప్ప చేసి. బిడ్డకు జ్వరమంటే నుదుటి మీద చెయ్యి. పోయొస్తానంటే దర్వాజ చెక్క మీద రెండు దెబ్బలు. అందుకే ఏ పని చేసుకున్నా ఆమె నడిమి దర్వాజకు వీపు ఆనించి కూర్చుంటుంది, పీట అక్కడే ఉంటుంది, ఆయన వేలి కణుపులతో కొడితే ఆ దెబ్బ చెక్కలోంచి వెన్నులోకి, వెన్నులోంచి తలలోకి ఎక్కుతుంది. పోతున్నాడన్నమాట. తిరిగి చూసేసరికి చెప్పులేసుకుంటూ ఉంటాడు. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, ఎవరూ అనుకుని పెట్టుకున్నది కాదు. ఈ రోజు మాత్రం ఆమె పీటను జానెడు ముందుకు జరుపుకుంది. వీపు దేనికీ ఆనలేదు. కొడితే తగలదు.

మామ చనిపోయిన ఏడాది నుంచే అనుకోవాలి, ఈ దెబ్బలు. మామ మల్లయ్య రైసుమిల్లులో మిషిన్ల మధ్య బతికినోడు. ముసలితనంలో ఆయనకూ వినపడకుండా అయింది, ఎవరో క్యాంపు పెట్టి మిషిను ఇచ్చారు, అంగీ జేబులో డబ్బా, డబ్బా నుంచి వైరు, వైరు చివర చెవిలో బిరడా. ఆయనకు బాగానే పనిచేసింది. ఆయన పోయాక పదో రోజు నాడు బట్టలు చాకలికి ఇచ్చారు, వాడుకునేవి ఇంట్లో వాళ్ళు పంచుకున్నారు. గొడుగు పరమేష్‌కు, చేతి గడియారం పెద్ద కొడుకు గోపాల్‌కు, చెవి మిషిను చిన్న కోడలికి. ఎవరికీ అందులో తప్పు తోచలేదు, పైగా అందరికీ సంతోషమైంది, వస్తువు వృథా కాకుండా అక్కరున్న మనిషికే చేరిందని. ఆ వాడలో కళ్ళజోళ్ళు కూడా అట్లనే చేతులు మారుతాయి, తాతది మనుమనికి, అక్కది చెల్లెకు. "ఇంట్ల మిషిను ఉండంగ దవాఖానల పొంటి తిరుగుడెందుకు" అన్నది అత్త. ఆమె పెదవులు చదవడం తేలిక, ప్రతి మాటనూ నమిలి అంటుంది. స్వరూప పెట్టుకుంది. స్టీలు గిన్నె కింద పడితే మెదడులో సూది దిగేది. మిషిను ఊకె సీటీ కొట్టేది, ఎవరో ఈల వేసినట్టు, ఆ బిరడా మామ చెవి కొలతది, తన చెవిలో కుదురుగా ఉండేది కాదు. మనుషుల మాటలు మాత్రం బావి అడుగు నుంచి వచ్చినట్టే ఉండేవి. అయినా తీయలేదు. పోయిన పెద్దమనిషి వస్తువు, తీస్తే బాగుండదు. వినపడుతుందా అంటే ఊ అనేది, నవ్వేది.

ఒక సాయంత్రం, అరుగు మీద. మామ పోయి ఎన్నో రోజులు కాలేదు. పరమేష్ వచ్చి పక్కన కూర్చున్నాడు, తన వైపు చూడకుండా వీధి వైపు చూస్తూ మాట్లాడాడు. పక్క నుంచి పెదవులు కనపడలేదు. చాలాసేపు మాట్లాడాడు. స్నిగ్ధ ఏడాది పిల్ల, ఒళ్ళో పడుకుని ఉంది. మిషినులో సీటీ, సీటీ వెనక ఆయన గొంతు, బురదలో నడుస్తున్నట్టు. మధ్యలో ఆయన తిరిగి ఆమె మొహం చూశాడు. ఆమె నవ్వింది. ఆయన మాట ఎక్కడుందో అక్కడే ఆగిపోయింది. కొంచెంసేపు ఆమె మొహమే చూసి, లేచిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ అట్లా వచ్చి కూర్చోలేదు. కొన్నాళ్ళకు మిషిను పాడైంది, దీనికి మిషిను పెట్టినా లాభం లేదని ఇంట్లో తీర్మానమైంది, చేతులు మాట్లాడడం మొదలుపెట్టాయి. ఆ సాయంత్రం ఆయన ఏం చెప్పాడో స్వరూపకు ఇప్పటికీ తెలియదు. నిద్ర పట్టనప్పుడు ఆ గొంతు ఎత్తుపల్లాలను గుర్తు తెచ్చుకుని మాటలు పోసి చూసుకునేది. ఏ మాటలూ సరిపోలేదు.

ఆ పాత మిషినునే దస్తీలో మూటకట్టుకుని భువనగిరి పోయింది మొదటిసారి, బాగు చేయించుకుందామని. సుచరిత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టింది. "ఇది నీది కాదు గదా అక్కా" అని కాగితం మీద రాసి చూపించింది. తరువాత గదిలో కూర్చోబెట్టి చెవుల మీద బొచ్చెల్లాంటివి పెట్టి పరీక్ష చేసింది, వినపడితే చెయ్యెత్తమన్నది, స్వరూప చెయ్యి చాలాసేపు ఒళ్ళోనే ఉంది. అప్పుడు బొచ్చెలు తీసి, చెవి వెనక బొక్కకు ఒక చిన్న బిళ్ళ ఆనించింది. స్వరూప ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. చప్పుడు బయట నుంచి రాలేదు, తన లోపల నుంచే లేచింది. చేతులు రెండూ ఎత్తింది. సుచరిత నవ్వి, ఆ బిళ్ళకే మైకు కలిపి మాట్లాడింది, మెల్లగా, పక్కింటి పిల్ల మాట్లాడినట్టు. "చెవి ఒక ఇల్లనుకో, నీ ఇంట్ల మనిషి మంచిగనే ఉన్నదక్కా. లోపటికి పొయ్యే తొవ్వనే కూలి మూసుకపోయింది. మీ మామకేమో తొవ్వ మంచిగుండె, ఇంట్ల మనిషే నిద్రపొయింది. ఆయనను లేపే మిషిను నీకెట్ల పనిచేస్తది. కొందరికి రెండూ పోతయి, వాళ్లకు ఇంకో తీరు. నువ్వు తొవ్వ బాగు చేయించుకుంటె చేయించుకో, ఆపరేషన్ ఉంటది, గాని ముందుగాల చెవులు ఎండాలె. అప్పటిదాంక గోడకు కొట్టి పిలుసుడే. గోడకు కొడితె గూడ నువ్వు పలుకుతవు." గోడకు కొడితే. స్వరూపకు దర్వాజ గుర్తొచ్చింది, మా బిడ్డకు ముందే ఎరుకయింది మేడం అన్నది.

ఎరుకయింది. స్నిగ్ధకు మూడేళ్ళు కూడా నిండలేదు అప్పుడు. రోట్లో పచ్చడి నూరుతుంటే వెనక నుంచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి, నెత్తి మీద గడ్డం ఆనించి ఏదో అన్నది. స్వరూప చేతిలో బండ ఆగిపోయింది. బిడ్డ గొంతు. సన్నగా, గుండ్రంగా, పుర్రె లోపల గిరగిరా తిరుగుతూ. ఏమన్నావు బిడ్డా అని అడిగితే మళ్ళీ అన్నది, "పచ్చడి నాక్కూడ." అప్పటి నుంచి ఏ రహస్యమైనా, ఏ ఫిర్యాదైనా వెనక నుంచి వచ్చి నెత్తి మీద గడ్డం పెట్టి చెప్పడమే. చూసినవాళ్ళు బిడ్డకు గారాబం ఎక్కువైందనుకున్నారు. పరమేష్ కూడా చూసేవాడు, చూసి పక్కకు పోయేవాడు. బిళ్ళ ఆనించిన రోజు తిరుగు బస్సులో ఆమె బిడ్డ గడ్డం గురించే అనుకుంటూ వస్తే, అనుకోకుండా ఇంకా వెనక్కి పోయింది మనసు. బిడ్డ పుట్టకముందు. పెండ్లయిన కొత్త. చీకట్లో ఆయన ఎదురొమ్ము మీద తల పెట్టుకుని పడుకునేది. ఆయన మాట్లాడేవాడు. బస్సులో ఎక్కిన మేకపిల్ల ముచ్చట, సర్టిఫికెట్లు మరిచి దిగిపోయిన పిల్లగాని ముచ్చట, ఎవరి నిద్ర ఎవరి భుజం మీద పడిందో, ఎవరి కొంగు ఎవరి సంచికి చిక్కుకుందో. ప్రతి మాటా వినపడేది. చీకట్లో పెదవులు కూడా కనపడవు, అయినా వినపడేది. ఆమె అది ప్రేమ అనుకుంది. పగలు లేని చెవులు రాత్రి వస్తాయి కాబోలు అనుకుంది, సిగ్గుతో ఎవరినీ అడగలేదు. ఆయన రొమ్ము బొక్కలోంచి తన చెంప బొక్కలోకి మాట నడిచి వచ్చిందని ఎవరు చెప్పాలి. బిడ్డ పుట్టింది, ఇద్దరి మధ్య పడుకుంది, తల దిండు మీదికి వచ్చింది. అంతే, అంత చిన్న జరుగుడుకు ఆయన గొంతు పోయింది. బిడ్డను గోడ వైపు పడుకోబెట్టి ఉంటే సరిపోయేదా. 

గొంతు పూర్తిగా పోలేదు, ఒక చోట మిగిలింది. బస్సులో. ఆడవాళ్ళకు టికెట్ పైసలు లేకుండా అయినప్పటి నుంచి స్వరూప గుట్టకని, అంగడికని ఆయన బస్సు వచ్చే వేళ చూసుకుని ఎక్కుతుంది. వెనక చక్రం మీది సీట్లో, రేకులన్నీ దడదడమనే చోట కూర్చుంటుంది. నిశ్శబ్దమైన ఇంట్లో వినపడని మనిషికి ఆ దడదడలో వినపడుతుందంటే ఎవరూ నమ్మరు, సుచరిత మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆ చప్పుడు నీ దాకా రాదక్కా, ఆ చప్పుడును మించి అందరు గట్టిగ మాట్లాడుతరు, అదొస్తది అన్నది. అవును. అక్కడ పరమేష్ గొంతు తలుపు దగ్గర నుంచి చివరి సీటు దాకా నడుస్తుంది. పోయిన నెల ఒక ముసలామె ఆయన్ని పట్టుకుంది. "ఓ కండక్టరూ, పైసలొద్దంటివి, టికెట్ ఇస్తివి, సీటు గూడ ఇయ్యరాదు."

"సీటు నా చేతుల ఉంటె నేనే కూసుందు గదనే అవ్వా. పొద్దటిసంది నిలవడుడే నా నౌకరి."

"పెండ్లాం పోరు పడలేక నిలవడ్డవేమో."

బస్సంతా నవ్వింది. స్వరూప కూడా నవ్వింది, విని నవ్వింది, ఆయన ఏమంటాడోనని ముందుకు వంగింది. ఆయన పక్క వరుసకు తిరిగాడు. వరుసగా అడుగుతూ వచ్చాడు, "యాడికమ్మా, యాడికి బిడ్డా, లోపటికి జరుగున్రి." పక్క సీటామెను అడిగాడు. తరువాత తన దగ్గరికి వచ్చి, అడగలేదు, గడ్డం కొంచెం పైకి ఎగరేశాడు. తను గుట్టకన్నట్టు చెయ్యి చూపించింది. టికెట్ చేతిలో పెట్టి ముందుకు పోయాడు. ఊరందరికీ ఉన్న మాట, ఎవరో దారినపోయే ఆమెకు ఉన్న మాట. ఆ టికెట్‌ను ఆమె కిటికీలోంచి పారేయలేదు, దేనికి దాచుకుందో కూడా తెలియదు, జాకెట్లో మెత్తబడిపోయింది.

"మిషిను తీసి గూట్ల వెట్టింది, సూసినవా." అత్త గొంతు. పెరట్లో నుంచి ముందరర్రలోకి వచ్చినట్టుంది. స్వరూప చెయ్యి బియ్యంలో ఆగింది, మళ్ళీ కదిలింది, మామూలుగా కదలాలని కదిలింది.

"సూసిన" అన్నాడు పరమేష్.

"ఇయ్యాల్ల భువనగిరికి ఒక్కతే పోతదా?"

"పోనియ్యే. నాకు డ్యూటీ ఉన్నది."

"గది కాదుర. మిషిను ఎందుకు వెట్టుకుంటలేదు అంట. ఎవలన్న మాట్లాడితె గదా వెట్టుకునేది. నేను తిట్టేటియి ఇనెతందుకు వెట్టుకుంటదా? నువ్వు జర మాట్లాడరాదు."

ఆయన నవ్వినట్టు ముక్కులోంచి ఊపిరి. "ఏం మాట్లాడాలె అమ్మా."

"బస్సుల మస్తు మాట్లాడుతవట గద, ఊరంత చెప్తరు."

"బస్సుల అడుగుడే. యాడికి, చిల్లరియ్యి, జరుగు. గంతే. దీనికి చెప్పాల్సినయి అట్ల కాదు. అన్ని ఎన్కకు వడ్డయి. ఏది ముందుగాల చెప్పాల్నో సమజైతలేదు."

 అత్త ఏమీ అనకపోవడం ఈ వారంలో ఇదే మొదలు.

"నాయిన పోయినప్పుడు చెప్పిన నీ కోడలికి" అన్నాడు ఆయన, గొంతు దించి, దించినా బొక్కలోకి వచ్చింది, "నాయిన పానం పోతాంటె నేను భువనగిరి బస్టాండుల జనాన్ని ఎక్కించుకుంట నిలవడ్డ. ఫోన్ వచ్చింది, ట్రిప్ అయినంక పోదమనుకున్న. పానం పొయినంక వచ్చిన. గది చెప్పిన అరుగు మీద కూసొని. నాయిన మిషిను చెవుల వెట్టుకొని ఇన్నది. ఇని నవ్వింది."

"దానికి ఇనపడలేదు కొడుకా."

"ఎరుకే. ఇనపడలేదని నాకు గప్పుడె ఎరుకయింది. ఎరుకయితె ఏముంది. గా నవ్వు మాత్రం కండ్లల్ల వడ్డది. ఇప్పుడు ఇంటదంటె ఇంక నోరు రాదు."

చాటలో బియ్యం తెల్లగా ఉన్నాయి. అన్ని గింజలూ ఒకటైపోయి, మళ్ళీ విడివిడిగా అయ్యాయి. ఏడేళ్ళ నుంచి వెతుకుతున్న మాటలు దొరికాయి. గొంతు ఎత్తుపల్లాలకు ఇప్పుడు సరిగ్గా సరిపోయాయి, ఆ ఎత్తు బస్టాండు, ఆ పల్లం ట్రిప్ అయినంక. పక్కకు తిరిగి చూసిన ఆ చూపు కూడా దొరికింది. దానికి ఎదురుగా తన మొహం, పళ్ళు కనపడేటట్టు. స్వరూప పెదవులు గట్టిగా మూసుకుంది. లేచి పోవచ్చు. పోయి ఎదురుగా నిలబడి, నాకు వినపడలేదయ్యా, ఇప్పుడు వినపడింది అనవచ్చు. తన గొంతు ఎంత చిన్నదో సుచరిత చెప్పింది, తన మాట తనకు లోపల పెద్దగా వినపడుతుంది కాబట్టి బయటికి చిన్నగా వస్తుందట. ఆయనకు అందేటట్టు అనగలదు, ముందరర్ర ఎంత దూరమని. కానీ ఇంటదంటె నోరు రాదన్నాడు. లేచి చెప్తే ఆ నోరు ఇంకా గట్టిగా మూసుకుంటుందేమో. చెప్పకుండా ఉంటే రేపటి నుంచి దొంగచాటుగా వింటూ ఉండడమే, ఆయన దగ్గులు, ఆయన గుటకలు. ఒకటి మాత్రం తేలిపోయింది, గూట్లోదాన్ని సుచరితకు ఇచ్చేస్తుంది. జుట్టు చాటున దాగే మిషిను వద్దు. ఈ పట్టీనే పెట్టుకుంటుంది, కొంగు కప్పకుండా, పుండుకు కట్టు అనుకున్నా సరే. ఇట్లనే ఆయన బస్సే ఎక్కుతుంది ఈ రోజు. చక్రం మీది సీట్లో కాదు, ముందు సీట్లో, తలుపు దగ్గర. ఆయన వరుసగా అడుగుతూ వస్తాడు. తన దగ్గరికి వచ్చి పట్టీ చూస్తాడు. గడ్డం ఎగరేస్తాడా, అడుగుతాడా. అడిగితే భువనగిరికి అంటుంది. అంతే. అంతకన్నా పెద్ద మాట మొదట అక్కర్లేదు, యాడికి అంటే భువనగిరికి.

అత్త కోళ్ళను అదిలిస్తూ మళ్ళీ పెరట్లోకి పోయింది. వాటికి కూడా ఏమీ చెప్పడం లేదు. ఇంట్లో ఆయన ఒక్కడి చప్పుడే మిగిలింది. సంచీ జిప్పు లాగాడు. బండి తాళం చెవి కోసం కిటికీ అంచు తడిమాడు, తీశాడు. నడుస్తున్నాడు. వట్టి కాళ్ళు గచ్చు మీద, మడమ ముందు, వేళ్ళు తరువాత. నడిమి దర్వాజ దగ్గర ఆగాడు. ఆమె తల ఎత్తలేదు. చాట వంచింది, బియ్యం జారాయి, ఆ చప్పుడు ఇప్పుడు చాలా పెద్దగా ఉంది, చాటను ఒళ్ళో పెట్టేసుకుంది. దర్వాజకూ ఆమె వీపుకూ మధ్య జానెడు ఖాళీ. ఆయనకు కనపడి ఉంటుంది. ఈమె ఇయ్యాల్ల దూరం జరిగి కూర్చుంది, కొడితే తగలదు అనుకుంటున్నాడేమో. చెయ్యి ఎత్తాడో లేదో. దెబ్బ మాత్రం పడలేదు. మోకాలు చిటుక్కుమంది. వెనక కూర్చున్నాడు, దగ్గరగా, సబ్బు వాసన. ఎన్నోసార్లు బిడ్డను చూసి పక్కకు పోయిన మనిషి బిడ్డ చేసినట్టే చేశాడు, ఆమె నెత్తి మీద, కొంగు మీద, గడ్డం ఆనించాడు. బరువు. స్నిగ్ధ గడ్డం పిట్ట వాలినట్టుంటుంది, ఇది అట్లా కాదు. ఆయన ఊపిరి ఆమె తలలోకి వచ్చింది. గుటక వేశాడు, గొంతు కిందికి పోయి పైకి వచ్చింది, పైకి వచ్చి అక్కడ నిలబడింది. దవడ విడిపోయింది. నాలుక అంగిలి నుంచి ఊడిన చిన్న చప్పుడు. ఇంకా ఏ మాటా కాలేదు, ఏ మాటైనా కావచ్చు.  గడ్డం కొంచెం కుడి పక్కకు జరిగింది, కుదురు కోసం జరిగినట్టు, జరిగి గట్టిగా ఉన్నదాని మీద ఆనింది. పట్టీ మీద.

ఆగిపోయాడు. ఆమె కూడా కదలలేదు.  ఆయన గడ్డం ఎత్తి, కొంగు మీది నుంచే ఒక వేలితో ఆ పట్టీని తడిమాడు, నెత్తి పక్క నుంచి చెవి దాకా, చెవి వెనక డబ్బా దాకా. ఆ వేలి రాపిడి ఆమె తలలో గుట్ట మీది నుంచి బండరాయి దొర్లినట్టు దొర్లింది. డబ్బా మీద వేలు నిలిచింది. ఇప్పుడు తెలిసింది ఆయనకు, ఇందాక ముందరర్రలో అన్నదంతా ఎక్కడికి పోయిందో. ఆమె తిరిగి ఆయన మొహం చూడలేదు. చూస్తే పెదవులు వాటంతట అవే విడిపోతాయేమోనని భయం వేసి, బియ్యంలోకి చూస్తూ కూర్చుంది. వేలు తొలిగింది. మోకాలు మళ్ళీ చిటుక్కుమంది, లేచాడు. దర్వాజ దాటాడు. అక్కడ ఒక క్షణం నిలబడ్డాడు, చెక్క మీద చెయ్యి పెట్టినట్టు ఉంది, పెట్టాడు కానీ కొట్టలేదు. ఈ ఇంట్లో ఇన్నేళ్ళకు మొదటిసారి ఆయన దర్వాజకు కొట్టకుండా పోతున్నాడు. చెప్పులు వేసుకున్నాడు, ఒకటి, రెండోది. వాకిట్లో బండి స్టాండు తీసిన చప్పుడు, తాళం తిప్పిన చప్పుడు, కిక్కు, ఇంకో కిక్కు. బండి లేచింది, సందు దాటింది, రైలు గేటు వైపు తిరిగింది. చాట ఒళ్ళో పెట్టుకుని స్వరూప అంత దూరం దాకా విన్నది.